మానసిక వ్యాధికి మందులు వాడేవారిలో షుగర్, అధిక బరువు: సమాజపు చిన్నచూపుకు ఇందులో పాత్ర ఉందా?

మల్కాజిగిరి అక్క అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా తమ్ముడి వయసు 26. స్కిజోఫ్రీనియా అని తేలిన తరువాత మానసిక వైద్యుడు ఓలాంజపిన్ మొదలుపెట్టారు. మందు బాగా పనిచేసింది. ఎవరో తిడుతున్నట్టు చెవిలో వినిపించే మాటలు ఆగిపోయాయి, రాత్రి నిద్ర పడుతోంది, మధ్యలో వదిలేసిన డిగ్రీ పరీక్షలు రాస్తానని తనంతట తానే అంటున్నాడు. అయితే ఈ రెండేళ్లలో వాడి బరువు 61 కిలోల నుంచి 84 కిలోలకు పెరిగింది. రాత్రి మాత్ర వేసుకున్న కాసేపటికే లేచి వంటింట్లోకి వెళ్లి, గిన్నెలో మిగిలిన అన్నమంతా ఆవకాయ కలుపుకుని తినేస్తాడు. వద్దంటే ఆకలి ఆగడం లేదని కళ్ల నీళ్లు పెట్టుకుంటాడు.

ఈ జబ్బు సంగతి మా బంధువుల్లో ఎవరికీ తెలియదు. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నాం కాబట్టి ఎవరికీ తెలియకూడదని అమ్మ పట్టుదల. అందుకే మాత్రలను స్ట్రిప్పుల్లోంచి తీసి ఒక విటమిన్ సీసాలో పోసి అల్మరాలో ఉంచుతుంది. కొన్ని నెలలుగా తమ్ముడికి దాహం ఎక్కువై, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే దగ్గర్లోని జనరల్ ఫిజీషియన్‌కు చూపించారు. ఏమైనా మందులు వాడుతున్నాడా అని ఆయన అడిగితే అమ్మ విటమిన్ మాత్రలని చెప్పింది. తరువాత నేనే వాడిని ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అక్కడి వైద్యుడు ఫైలు మూసి, "ఇదంతా టెన్షన్ వల్లే, మీ సైకియాట్రిస్టుకే చూపించుకోండి" అని పంపించేశారు. రక్తపరీక్ష కూడా రాయలేదు. చివరికి మేమే లాబ్‌లో చేయిస్తే పరగడుపు షుగర్ 148 వచ్చింది.

నేను తెలుసుకోవాలనుకున్నవి ఇవి. షుగర్ మందు వల్ల వచ్చిందా, జబ్బు వల్ల వచ్చిందా? మందు ఆపేయవచ్చా? ఇంట్లో మేం దాచడం, ఆసుపత్రిలో వాళ్లు పట్టించుకోకపోవడం, ఇలాంటివాటి వల్ల శరీరానికి జరిగే నష్టం మీద వైద్య పరిశోధనలు ఉన్నాయా? అమ్మకు చూపించి నచ్చజెప్పగలిగేంత వివరంగా ఎవరైనా రాస్తే మేలు చేసినవారవుతారు.

పద్మారావునగర్ వైద్యురాలి సమాధానం:

అమ్మా, ముందుగా అత్యవసరమైన విషయం. పరగడుపు షుగర్ 126 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే మధుమేహంగా భావించి, మరోసారి పరీక్షించి నిర్ధారిస్తారు. ఈ వారంలోనే పరగడుపు పరీక్ష మళ్లీ చేయించి, దానితోపాటు గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించండి, అది 6.5 శాతం దాటితే సందేహం ఉండదు. దాహంతో పాటు వాంతులు, కడుపునొప్పి, మగత, వేగంగా ఊపిరి తీయడం వంటివి కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. మందును మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం చాలా ఎక్కువ. పైగా, ఫిన్లాండ్‌లో 11 సంవత్సరాల రికార్డులను పరిశీలించి 2009లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, ఈ మందులు ఏవీ వాడని స్కిజోఫ్రీనియా రోగుల్లోనే మరణాల రేటు ఎక్కువగా కనిపించింది. మందు మార్చవచ్చు, మోతాదు సవరించవచ్చు, దానికి తోడు మరో మందు ఇవ్వవచ్చు. ఆ నిర్ణయం మాత్రం మీ మానసిక వైద్యుడితో కలిసి తీసుకోవాలి.

షుగర్ మందు వల్లా, జబ్బు వల్లా అని మీరు అడిగారు. రెండింటికీ పాత్ర ఉంది. ఓలాంజపిన్, క్లోజపిన్ మెదడులోని హిస్టమిన్ హెచ్1, సెరొటోనిన్ 2సీ గ్రాహకాలను, అంటే రసాయన సంకేతాలను అందుకునే భాగాలను, అడ్డుకుంటాయి. కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగా అందదు కాబట్టి ఆకలి అదుపు తప్పుతుంది. క్లోమంలో ఇన్సులిన్ విడుదలకు తోడ్పడే ఎం3 గ్రాహకాల మీద కూడా వీటి ప్రభావం ఉంటుంది. అంటే, మీ తమ్ముడు రాత్రి వంటింట్లోకి వెళ్లడం మందు పుట్టించిన ఆకలి వల్ల జరుగుతున్న పని. దాన్ని జిహ్వ చాపల్యంగా చూసి మందలిస్తే అతనికి అవమానం మిగులుతుంది గాని ఆకలి తగ్గదు. అమెరికాలో కేటీ అనే పేరుతో జరిగి, 2005లో ఫలితాలు వెలువడిన పెద్ద అధ్యయనంలో ఓలాంజపిన్ వాడినవారు సగటున నెలకు 0.9 కిలోల చొప్పున బరువు పెరిగారు. వారిలో 30 శాతం మంది శరీర బరువు 7 శాతానికి మించి పెరిగింది.

జబ్బు పాత్ర విషయానికి వస్తే, ఈ మందులు పుట్టక ముందే, 1879లోనే బ్రిటిష్ మానసిక వైద్యుడు హెన్రీ మాడ్స్లీ, ఉన్మాదం ఉన్న కుటుంబాల్లో మధుమేహం తరచుగా కనిపిస్తుందని రాశారు. ఈ కోవ మందుల్లో మొదటిదైన క్లోర్‌ప్రోమజిన్ వాడుకలోకి వచ్చింది 1950లలో అన్నది గుర్తుంచుకోండి. ఇంకా ఏ మందూ మొదలుపెట్టని కొత్త రోగుల్లో కూడా ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం కనిపిస్తుందని 2017లో వచ్చిన సమగ్ర విశ్లేషణ తేల్చింది. కాబట్టి మీ తమ్ముడు మిగతావారికంటే ఎక్కువ ముప్పుతోనే మందు మొదలుపెట్టాడు. మన భారతీయుల శరీరతత్వం దానికి తోడవుతుంది. మనలో మగవారికి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే చాలు, ప్రమాద సూచనే.

మూడో ప్రశ్న దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే వైద్యులుగా మేం జవాబు చెప్పుకోవలసింది అక్కడే. మానసిక వ్యాధి ఉందని తెలియగానే మిగిలిన లక్షణాలన్నింటినీ దాని ఖాతాలోనే వేసే అలవాటు వైద్యరంగంలో ఉంది, దాన్ని కొలిచిన పరిశోధనలూ ఉన్నాయి. గుండెపోటుతో చేరిన 65 ఏళ్లు, అంతకు పైబడిన 1,13,653 మంది రికార్డులను పరిశీలించిన అమెరికా అధ్యయనం ఒకటి 2000లో వెలువడింది. మానసిక రుగ్మత లేనివారిలో 16.8 శాతం మందికి యాంజియోప్లాస్టీ చేస్తే, ఉన్నవారిలో 11.8 శాతం మందికే చేశారు. బైపాస్ శస్త్రచికిత్స 12.6 శాతానికి బదులు 8.2 శాతం మందికే దక్కింది. పైన చెప్పిన కేటీ అధ్యయనంలో చేరినవారిని మొదటి రోజున పరీక్షించినప్పుడు, షుగర్ ఉన్నవారిలో 30 శాతం మందికి, బీపీ ఉన్నవారిలో 62 శాతం మందికి, రక్తంలో కొవ్వు ఎక్కువగా ఉన్నవారిలో 88 శాతం మందికి అప్పటిదాకా ఏ చికిత్సా అందడం లేదని తేలింది.  తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారు మిగతావారికంటే 10 నుంచి 20 సంవత్సరాల ముందే మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆత్మహత్యల వల్లే ఇలా జరుగుతుందని చాలామంది అనుకుంటారు గాని, వీరి మరణాల్లో ఎక్కువ భాగం గుండెజబ్బుల వంటి శారీరక వ్యాధుల వల్ల జరిగేవే. మీ తమ్ముడికి రక్తపరీక్ష రాయకుండా పంపించిన గదిలో జరిగింది ఈ అంకెల్లో ఒకటి.

ఇక చేయవలసిన పని. అమెరికా మధుమేహ సంఘం, మానసిక వైద్యుల సంఘం కలిసి 2004లోనే ఒక పద్ధతి చెప్పాయి. ఇలాంటి మందు మొదలుపెట్టే రోజునే బరువు, నడుము, బీపీ, పరగడుపు షుగర్, కొవ్వుల పరీక్ష చూడాలి. 4, 8, 12 వారాలకు బరువు చూడాలి, 12వ వారంలో బీపీ, షుగర్, కొవ్వులు మళ్లీ చూడాలి, ఆ తరువాత మూడు నెలలకొకసారి బరువు, ఏడాదికొకసారి షుగర్, బీపీ చూస్తూ ఉండాలి. ఒక టేపు, ఒక బరువు యంత్రం ఉంటే సగం పని అయిపోతుంది. మీ మానసిక వైద్యుడిని రెండు విషయాలు సూటిగా అడగండి: అరిపిప్రజోల్ వంటి బరువు తక్కువ పెంచే మందుకు నెమ్మదిగా మారడం వీలవుతుందా, లేదా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు చేర్చవచ్చా అని. చైనాలో 128 మంది మీద జరిగి 2008లో ప్రచురితమైన అధ్యయనంలో, 12 వారాలకు ఆహార వ్యాయామాలతో పాటు మెట్‌ఫార్మిన్ తీసుకున్నవారి బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే సూచిక) 1.8 తగ్గింది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారి బీఎంఐ 1.2 పెరిగింది. మీ తమ్ముడికి షుగర్ నిర్ధారణ అయితే మెట్‌ఫార్మిన్ ఎలాగూ మొదటి వరుస మందే.

హిమాయత్‌నగర్ పాఠకుడి సమాధానం:

అక్కా, నేను బైపోలార్ రుగ్మతకు చాలా ఏళ్లుగా మందులు వాడుతున్నవాణ్ణి. వైద్యురాలు గారు చెప్పినదంతా సరైనదే. ఆసుపత్రి గోడలకు బయట జరిగేది కూడా శరీరం మీదనే పడుతుందని మాత్రం చేర్చాలనుకుంటున్నాను.

మన ఊళ్లో ఎవరి మాట నచ్చకపోయినా "నిన్ను ఎర్రగడ్డలో వేయాలి" అంటారు. అక్కడి ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో బాగుపడి ఉద్యోగాలకు వెళ్తున్నవారు నాకు తెలుసు, అయినా ఆ మాట విన్న ప్రతిసారీ మనిషి కొంత ముడుచుకుపోతాడు. ముడుచుకున్న మనిషి ఇల్లు కదలడు. నేను బరువు పెరిగిన రోజుల్లో ఇందిరా పార్కుకు నడకకు వెళ్లడం మానుకున్నది ఓపిక లేక కాదు. మందు వల్ల చేతులు వణకడం, నడక కాస్త బిగుసుకోవడం చూసి తెలిసినవాళ్లు ఆగి ఆరా తీస్తారని. ఎదురైన ప్రతివారూ ఇంత లావయ్యావేమిటని అడుగుతారు. నిజం చెబితే ఒక చిన్నచూపు, చెప్పకపోతే బద్ధకస్తుడన్న మరో చిన్నచూపు. ఇలాంటి మాటలు పడలేక మందే మానేసి మళ్లీ ఆసుపత్రి పాలైనవారిని దగ్గరగా చూశాను.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 27 దేశాల్లో 732 మంది స్కిజోఫ్రీనియా రోగులను అడిగి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 72 శాతం మంది తమ జబ్బును దాచవలసి వస్తోందన్నారు. 64 శాతం మంది అవమానం ఎదురవుతుందన్న భయంతో ఉద్యోగానికో, చదువుకో దరఖాస్తు చేసుకోవడమే మానుకున్నారు. పని లేదు, పని లేనందున సంపాదన లేదు, బయటికి వెళ్లవలసిన అవసరమూ లేదు. అటువంటి రోజు నాలుగు గోడల మధ్య ఎలా గడుస్తుందో, ఏం తింటూ గడుస్తుందో ఊహించడం కష్టం కాదు. చిన్నచూపు నేరుగా రక్తంలో చక్కెరను పెంచుతుందని నేను అనను. అది మనిషిని నడకకు, పనికి, స్నేహానికి, రక్తపరీక్షకు దూరం చేస్తుంది; ఆ దూరాల వల్ల జరిగే హాని చిన్నది కాదు.

వైద్యురాలు గారితో ఒక్కచోట నేను విభేదిస్తాను. మందు మార్చడం గురించి వైద్యుడిని మీరు అడగండి అని అక్కకు చెప్పారు. ఆ ప్రశ్న తమ్ముడే అడగాలి. ఇరవై ఆరేళ్ల మనిషి ముందు కూర్చుని ఉంటే అక్కతోనో అమ్మతోనో మాట్లాడి పంపించడం చాలాచోట్ల జరుగుతుంది, మమ్మల్ని మనుషుల లెక్కలోంచి తీసేయడం అక్కడే మొదలవుతుంది. అక్కా, అడగవలసినవి కాగితం మీద అతని చేతనే రాయించి, మీరు పక్కన కూర్చోండి. డిగ్రీ పరీక్షలు రాస్తానంటున్నవాడు ఆ మాత్రం రాయగలడు.

తార్నాక ఆహార సలహాదారు సమాధానం:

అమ్మా, నేను ఆహారం వరకే చెబుతాను. "ఇలాంటివాళ్లకు డైట్ చెప్పినా పాటించరు" అన్న మాట నా వృత్తిలోనే తరచుగా వినిపిస్తుంది, అది తప్పు. అమెరికాలోని మేరీల్యాండ్‌లో తీవ్ర మానసిక వ్యాధి ఉన్న 291 మందితో జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, 18 నెలల పాటు ఆహార సలహా, గుంపుగా వ్యాయామం అందుకున్నవారు మిగతావారికంటే సగటున 3.2 కిలోలు ఎక్కువ తగ్గారు. చెప్పినవారు చిన్న చిన్న విషయాలుగా విడదీసి పదేపదే చెప్పారు, విన్నవారు పాటించారు.

రాత్రి ఆకలికి అడ్డుపడకుండా, ఆ వేళకు ఏం దొరుకుతుందో మార్చండి. ఏడున్నరకల్లా భోజనం పెట్టి, మిగిలిన అన్నం వంటింట్లో ఉంచకండి. మాత్ర తరువాత ఆకలేసే సమయానికి ఉడికించిన శనగలో, ఉడకబెట్టిన గుడ్డో, దోసకాయ ముక్కలో, పలుచని మజ్జిగో అందుబాటులో ఉంచండి. తాళం వేయడం, లెక్క అడగడం వద్దు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజంతటి శక్తిలో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతానికి మించకూడదని ఉంది. మన ఇళ్లలో కంచం నిండా అన్నమే ఉంటుంది కాబట్టి, అన్నం సగం చేసి పప్పు, కూర రెట్టింపు చేస్తే ఆ దారిలో పడినట్టే. పగటిపూట ఒకపూట జొన్నరొట్టె అలవాటు చేయగలిగితే ఇంకా మంచిది.

చాలామంది గమనించనిది ఒకటుంది. ఈ మందులు కొందరికి నోరు ఎండిపోయేలా చేస్తాయి, షుగర్ వల్ల దాహం ఉండనే ఉంటుంది, దాంతో కూల్‌డ్రింకులు, రోజుకు నాలుగైదు ఇరానీ చాయ్‌లు మొదలవుతాయి. బరువుకు కారణం వెతికేటప్పుడు అందరూ అన్నం వైపు చూస్తారు గాని సీసాల వైపు చూడరు. ఆ చక్కెర మొత్తాన్ని ఆపి నీళ్లు, నిమ్మకాయ నీళ్లు, సోంపు నీళ్లు ఇవ్వండి. ఇంటిల్లిపాదీ అదే తినాలి, అదే తాగాలి. అతనొక్కడికే వేరే కంచం పెట్టవద్దు.

మల్కాజిగిరి అక్క:

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఇవన్నీ అమ్మకు చదివి వినిపించాను. ఆకలి మందు వల్ల వస్తుందన్న సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. వాడిని తిండిపోతని ఇన్నాళ్లూ అందరి ముందూ అన్నందుకు బాధపడింది. తమ్ముడు ప్రశ్నలు రాసుకున్నాడు. అందులో మొదటిది, మందు మారిస్తే ఆ మాటలు మళ్లీ వినిపిస్తాయా అని.

అమ్మకు ఇంకా ఒక భయం ఉంది. ఫిజీషియన్ ఫైలులో స్కిజోఫ్రీనియా అని రాస్తే అది ఎక్కడెక్కడికో వెళ్లి చెల్లి సంబంధం వరకూ వస్తుందంటోంది. ఇన్సూరెన్సు కూడా రాదని ఎవరో చెప్పారట. వీటికి చట్టంలో ఏమైనా ఉందా?

పద్మారావునగర్ వైద్యురాలు:

మీ తమ్ముడి మొదటి ప్రశ్న చాలా సరైనది. మార్చేటప్పుడు పాతది ఒక్కసారిగా తీసేయకుండా, కొత్తది చేరుస్తూ కొన్ని వారాల్లో తగ్గిస్తారు. ఆ కాలంలో నిద్ర తగ్గడం, అనుమానాలు మొదలవడం వంటి తొలి సూచనలు కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలి. అతనికి ఇంతకుముందు జబ్బు ముదిరినప్పుడు మొట్టమొదట మారినదేమిటో మీ ఇద్దరూ కూర్చుని గుర్తుచేసుకుని రాసి తీసుకెళ్లండి.

షుగర్, మనసు రెండింటినీ ఒకేచోట చూడటం మన దేశంలో సాధ్యమేనని కూడా అమ్మకు చెప్పండి. ఢిల్లీ, చెన్నై, బెంగళూరు, విశాఖపట్నంలోని నాలుగు మధుమేహ క్లినిక్కుల్లో, డిప్రెషన్ కూడా ఉన్న 404 మంది షుగర్ రోగులకు రెండు జబ్బులనూ కలిపి చూసే పద్ధతి అమలుచేశారు. కుంగుబాటు సగానికి తగ్గడంతో పాటు షుగర్, బీపీ, కొవ్వుల్లో కనీసం ఒకటి మెరుగుపడినవారు 24 నెలల తరువాత ఈ పద్ధతిలో 71.6 శాతం ఉంటే, మామూలు వైద్యంలో 57.4 శాతం ఉన్నారు. ఈ ఫలితాలు 2020లో వచ్చాయి. అది డిప్రెషన్ గురించిన అధ్యయనమే అయినా, వైద్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే రోగికి మేలు జరుగుతుందన్నది మీకూ వర్తిస్తుంది. మీ ఇద్దరు వైద్యులకూ రెండో వారి చీటీ నకలు ఇవ్వండి.

నాంపల్లి న్యాయవాది:

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. 23వ సెక్షన్ ప్రకారం రోగి మానసిక ఆరోగ్యం, చికిత్స వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత వైద్యుల మీద, ఆసుపత్రుల మీద ఉంది. చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప బయటపెట్టకూడదు. ఫిజీషియన్‌కు చెప్పడం అంటే బంధువులకు చెప్పడం కాదని అమ్మగారికి ధైర్యం చెప్పండి. 21వ సెక్షన్ ప్రకారం మానసిక వ్యాధి ఉన్నవారికి ఆరోగ్య సేవలన్నింటిలో శారీరక వ్యాధి ఉన్నవారితో సమానమైన చికిత్స అందాలి. రక్తపరీక్ష రాయకుండా పంపించిన ఆసుపత్రి విషయంలో మీరు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు, ఓపీ చీటీ భద్రంగా ఉంచుకోండి.

ఇన్సూరెన్సు విషయంలో అదే సెక్షన్‌లోని నాలుగో ఉపవిభాగం, శారీరక వ్యాధులకు వర్తించే ప్రాతిపదికనే మానసిక వ్యాధి చికిత్సకూ బీమా కల్పించాలని బీమా సంస్థలను ఆదేశిస్తోంది. దరఖాస్తులో మాత్రం జబ్బును, వాడుతున్న మందులను దాచవద్దు. దాచినట్టు తేలితే రేపు షుగర్‌కు సంబంధించిన క్లెయిమును కూడా దాన్నే కారణంగా చూపి నిరాకరించే వీలు సంస్థకు దొరుకుతుంది. దరఖాస్తును తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ముందు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి, అక్కడ పరిష్కారం దొరకకపోతే బీమా ఫిర్యాదులను విచారించే, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి రాయవచ్చు. ఈలోగా అమ్మగారు ఎవరితోనైనా తెలుగులో మాట్లాడాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఉంది, దానికి రుసుము లేదు.